పగిలినది అతుకా, అతుకు ప్రక్కనా?

(మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై భాషను గూర్చియు, పిల్లల చదువును గూర్చియు మాటలాడుట పరిపాటి. నేడు మేము లోహమును గూర్చి మాటలాడనెంచితిమి. వ్యాసర్పాడి, ఎరుక్కంచేరి, కొడుంగయ్యూరు ప్రాంతములలోని మన తెలుగు కుటుంబములలో వెల్డింగు, ఫిట్టింగు, ఫాబ్రికేషను పనులవలన జీవించువారు పెక్కురు గలరు. పెరంబూరు బకింగ్‌హాం కర్ణాటక మిల్లులో మగ్గములకడ నిలిచిన తాతల మనుమలు, ఆ మిల్లు 1996లో మూతపడిన పిదప పెరిగినవారు, నేడు మణలి, ఎన్నూరు, అంబత్తూరు దారులలోని షెడ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు టాంకులను, రియాక్టరు పాత్రలను అతుకుచున్నారు. వారి చేతిపని మంచిదైనను వారిపై పడుచున్న నింద యొకటి కలదు. దానిని గూర్చియే ఈ ప్రసంగము.

మేము స్టెయిన్‌లెస్ ప్లేటు, పైపు, పాత టాంకులు కొని యమ్ము వర్తకులము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారము. ఇంజనీరులము కాము. అయినను ఇరువది యేండ్లుగా పగిలిన పాత్రలను తూకమునకు కొనుచు, అవి యెచ్చట పగిలినవో చూచుచు, తెలిసినవారి నడుగుచు, ఇంగ్లీషు పుస్తకములను నిఘంటువు ప్రక్క నుంచుకొని చదువుచు గ్రహించినది కొంత కలదు.

గత సంవత్సరము మన వీధి యువకుడొకడు సంఘమునకు ఒక మొర తెచ్చెను. అతడు ఒక కాంట్రాక్టరు క్రింద వెల్డరు. ఒక రసాయన కర్మాగారమున, దాని పేరు ఇచ్చట అనవసరము, ఆవిరి జాకెట్టు గల స్టెయిన్‌లెస్ పాత్ర యొకటి అతుకు ప్రక్కన కారినది. అతడు గ్రైండు చేసి వెల్డు పెట్టెను. ఆరు వారములకు మరల కారెను. ఈ పర్యాయము తాను పెట్టిన అతుకునకు ప్రక్కన. మరల పెట్టెను. మూడవసారి కారునప్పటికి కాంట్రాక్టరు "నీకు పని చేతకాదు" అని నెల జీతము నిలిపివేసెను. "అయ్యా, నా వెల్డు చెక్కు చెదరలేదు. ప్రక్క ప్లేటు పగులుచున్నది. దానికి నేనేమి చేయుదును?" అని ఆ యువకుడు మమ్ముల నడిగెను. రోగనిర్ణయము సగము ఆ ప్రశ్నలోనే యున్నది.

మన పట్టణమున స్టెయిన్‌లెస్ గిన్నెలను ఎవర్‌సిల్వర్ అందురు. ఎల్లకాలము వెండియట! పేరు ముద్దుగా నున్నది గాని మోసము చేయు పేరు. 1912 ప్రాంతమున జర్మనీలో క్రుప్ సంస్థవారును, 1913లో ఇంగ్లండున షెఫీల్డు పట్టణమందు హ్యారీ బ్రియర్లీయు వేరువేరుగా ఈ తరగతి లోహములను వెలుగునకు దెచ్చిరి. ఇనుమున నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ కాకుండ క్రోమియము చేర్చినచో ఉపరితలమున కంటికి కనబడని సన్నని పొర యేర్పడును. గీత పడినను, గాలి తగిలినచో ఆ పొర మరల అల్లుకొనును. ఆ పొర నిలిచినంతవరకే అది స్టెయిన్‌లెస్. పొర చెడినచోట అదియు ఇనుమే. మన షెడ్లలో మిక్కిలిగా వాడు 304 రకమున క్రోమియము సుమారు పదునెనిమిది, నికెలు ఎనిమిది పాళ్లుండును.

ఇక వెల్డు పెట్టినపు డేమి జరుగునో చూడుడు. అతుకు నడుమ లోహము కరగును. దూరముగానున్న ప్లేటు చల్లగానే యుండును. ఈ రెంటి నడుమ, అతుకునకు ఇరుప్రక్కల కొన్ని మిల్లీమీటర్ల దూరమున, ఒక పట్టీ వేడెక్కి మెల్లగా చల్లారును. ఆ పట్టీలో వేడి సుమారు 450 మొదలు 850 డిగ్రీల నడుమ తగినంతసేపు నిలిచినచో, ఉక్కులోని కార్బను క్రోమియమును పట్టుకొని గింజల అంచులకు చేరును. లోహమనగా ఏకాండమైన శిల కాదు. సన్నని గింజలు ఒకదానినొకటి ఒరసికొనియున్న గోడ వంటిది. అంచునగల క్రోమియమును కార్బను కాజేసినందున అచ్చట పొర నిలువదు. ఆమ్లము వచ్చి ఆ అంచులనే తినును. ఇటుకలు గట్టిగానే యుండును. నడుమ సున్నము కరగి గోడ కూలును. దీనిని వెల్డ్ డికే అందురు.

ఈ రోగపు ఆనవాలు చూచినవారు మరువజాలరు. అతుకు మెరయుచుండును. దానికి సమాంతరముగా, ఇరుప్రక్కల, గీటుకర్రతో గీసినట్లు గరుకు గీత నడచును. గోరుతో గీరినచో సన్నని చక్కెరవలె పొడి రాలును. చిన్న సుత్తితో తట్టినచో మంచి ప్లేటు ఖంగుమనును, ఇది మూగబోవును. దళసరి ప్లేటులకును, పెక్కు వరుసలు పెట్టిన అతుకులకును, ఒకేచోట మాటిమాటికి మరమ్మతు జరిగిన భాగములకును ఇది మిక్కిలి; పలుచని రేకునకు అరుదు.

దీని మందు చిరకాలముగా తెలిసినదే. 304 రకమున కార్బను నూటికి 0.08 వరకు ఉండవచ్చును. 304ఎల్ రకమున 0.03 మించరాదు. లేదా టైటానియము చేర్చిన 321, నయోబియము చేర్చిన 347 రకములను వాడవలెను. పాత్రను మొత్తముగా 1050 డిగ్రీల ప్రాంతమునకు వేడిచేసి వెంటనే చల్లార్చినను రోగము పోవును గాని, రెండంతస్తుల టాంకునకు అట్టి కొలిమి యెచ్చట దొరకును?

ఇచ్చట మా వర్తకమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆ "ఎల్" అను అక్షరము ఖరీదైనది. పాత ప్లేటుపై ఆ అక్షరము గుర్తువేయుటకు సుద్దముక్క చాలును! అయస్కాంతము దీనిని పట్టజాలదు. నికెలు తగ్గించి మాంగనీసు పెంచిన 200 తరగతి ఉక్కు గూడ అయస్కాంతమునకు అంటదు గనుక, దానిని నమ్మిన పాత వర్తకులు గూడ మోసపోవుచున్నారు. నేడు కొందరు తుపాకివంటి ఎక్స్-కిరణ యంత్రము తెచ్చి, క్రోమియమింత, నికెలింత అని తెరపై చూపి "ఇది 304ఎల్" అందురు. ఆ యంత్రము కార్బనును కొలువజాలదు. 304కును 304ఎల్‌కును గల భేదము కార్బనులోనే యున్నది గదా! కార్బను తెలియవలెనన్న మిల్లు సర్టిఫికెట్టున గల హీటు నంబరు ప్లేటుపై చెక్కిన నంబరుతో సరిపోవలెను; లేదా ముక్కను పరీక్షాశాలకు పంపి స్పెక్ట్రోమీటరుపై చూపవలెను. కొనువారు బిల్లుతోబాటు సర్టిఫికెట్టు నడుగుట మాకు అవమానము కాదు. అవమానమని తలచు అంగడిలో కొనకుడు.

అయితే ఆ యువకుడు తెచ్చిన సమస్య ఇది కాదు. అచ్చట గీత లేదు, పొడి లేదు. ప్లేటు అరుగనే లేదు. అతుకు ప్రక్క సన్నని వెండ్రుకవంటి పగుళ్లు చెట్టు వేళ్లవలె కొమ్మలు చీలి పాకియున్నవి. ఇది రెండవ రోగము. మన ప్రాంతమునకు ఇదియే పెద్ద శత్రువని మా నమ్మకము. దీనిని స్ట్రెస్ కరోజన్ క్రాకింగ్ అందురు. ఇది కలుగుటకు మూడు కూడవలెను: లోహమున లాగుడు బిగువు, నీటిలో ఉప్పుజాతి క్లోరైడు, వేడిమి. సాధారణముగా 60 డిగ్రీలకు పైబడిన వేడిమిలో అపాయము హెచ్చు. అతుకు చల్లారునపుడు కుంచించుకొనును గనుక బిగువు ఆ ప్రక్కనే స్థిరపడి యుండును. బయటినుండి ఎవ్వరును లాగనక్కరలేదు. అందుచేతనే పగులు అచ్చటనే వెదకికొని వచ్చును. 304ఎల్ అయినను దీనినుండి తప్పించుకొనలేదు. "316ఎల్ వేయుడు, చింత లేదు" అని సరకు అమ్ముకొనువారు చెప్పుదురు. అందలి మాలిబ్డినము గుంటలను కొంత ఆపును గాని, వేడి ఉప్పునీటి పగులును పూర్తిగా ఆపజాలదు. డ్యూప్లెక్సు రకములు చాలవరకు ఓర్చుకొనును. వాటిని అతుకుటకు వేరు శిక్షణ కావలెను.

క్లోరైడు ఎచ్చటినుండి వచ్చునన్న ప్రశ్నకు మన కాళ్లక్రిందనే సమాధానము కలదు. ఉత్తర చెన్నైకి ఆవల మీంజూరు ప్రాంతమున దశాబ్దముల తరబడి బావులను తోడుటవలన సముద్రజలము భూమిలోనికి చొచ్చివచ్చిన సంగతి జగద్విదితము. బోరునీరు నాలుకకు ఉప్పగా లేకపోయినను స్టెయిన్‌లెస్‌కు ఉప్పగా నుండవచ్చును. త్రాగునీటిలో లీటరుకు క్లోరైడు 250 మిల్లీగ్రాములు ఉండవచ్చునని, వేరు నీరు దొరకనిచోట 1000 వరకు సహింపవచ్చునని భారత ప్రమాణము 10500 చెప్పుచున్నది. కాని స్టెయిన్‌లెస్ పాత్రల హైడ్రో పరీక్షకు వాడు నీటిలో 50కి మించరాదని పెక్కు కంపెనీల కట్టడి. అనగా మనము సుఖముగా త్రాగు నీరు ఈ లోహమునకు విషము కావచ్చును. జాకెట్టులో నీరు మరిగి ఆవిరియగుకొలది ఉప్పు మిగిలి, చారు మరిగినకొలది చిక్కబడినట్లు, సందులలోను నీటిమట్టపు గీతకడను చిక్కబడును. లాగింగు చుట్టిన పాత్రలలో వర్షపునీరు దిగి లోపల ఉడికినను ఇదే గతి. బయట రేకు మెరయుచునే యుండును.

ఇతర కారణములను క్లుప్తముగా చెప్పుదుము. అతుకు నడుమనే, పని ముగిసిన దినములలోనే పగులు వచ్చినచో అది వెల్డింగు విషయము. ఎలక్ట్రోడు సరియైనదా, వేడి హెచ్చెనా అని చూడవలెను. ఇచ్చట వెల్డరు జవాబు చెప్పవలసినదే. కలుపు యంత్రము అదురుచోట, బ్రాకెట్టు మొదట, కొమ్మలు లేని ఒంటి పగులు వచ్చినచో అది అదురు వలని అలసట. అతుకు ప్రక్క నీలి, ఊదా రంగులను తుడువక విడిచినను, లోపలివైపు ఆర్గాను పట్టక వేరు కాలినను, ఇనుప బ్రష్షుతో రుద్దినను గుంటలు పడును. దానికి పిక్లింగు పేస్టును, స్టెయిన్‌లెస్ బ్రష్షును చాలును.

ఇప్పుడు అసలు పనికి వచ్చెదము. కారుచున్న పాత్రకడకు పోయినవాడు మొదట చేయు పని గ్రైండరు పట్టుట. అదియే చేయరాని పని. గ్రైండరు లోహమును పులిమి పగులు నోరు మూసివేయును. సాక్ష్యము పొడియై పోవును. మొదట ఫోటో తీయవలెను. అతుకునుండి ఎన్ని మిల్లీమీటర్ల దూరమో కొలిచి వ్రాయవలెను. లోపలివైపా, జాకెట్టువైపా, ఎటు వెడల్పో చూడవలెను. సామాన్యముగా వెడల్పైన వైపునుండియే అది పుట్టినది. పాత్ర ఎన్ని నెలలు నడచినది, ఎంత వేడి, ఏ నీరు, దేనితో కడిగిరి అని అడుగవలెను. ఈ చివరి ప్రశ్నకు జవాబు రాబట్టుట కష్టము; ఫోర్‌మను నడుగక, కడిగిన కూలివాని నడుగుడు.

పిమ్మట డి.పి. పరీక్ష. శుభ్రము చేసి, ఎర్రరంగు పూసి, కనీసము పది నిమిషములు ఆగి, తుడిచి, తెల్లపొడి చల్లినచో దాగిన పగుళ్లు ఎర్రగా పైకి తేలును. కంటికి ఒకటి కనబడినచోట డి.పి.లో పది కనబడుట మేము చూచితిమి. ఎక్స్-రే తీయించితిమి, ఏమియు లేదు అని ధైర్యపడరాదు. ఇంత సన్నని పగుళ్లను ఎక్స్-రే తరచు విడిచిపెట్టును. ముక్క కోయవలసివచ్చినచో రంపముతో కోయవలెను గాని గ్యాసుతో గాదు. విరిగిన ముఖములను మరల అతికించి చూడరాదు, చేతితో తాకరాదు. పరీక్షాశాలవారు దానిని నునుపు చేసి, ఆక్సాలిక్ ఆమ్లమున విద్యుత్తు పంపి, సూక్ష్మదర్శినిలో చూతురు. గింజల చుట్టు కాలువలు త్రవ్వినట్లున్నచో మొదటి రోగము. గింజలను చీల్చుకొని కొమ్మలుగా పగుళ్లు పోయినచో రెండవది. పాత్రను కోయ వీలులేనిచో, అచ్చటనే మెరుగుపెట్టి పలుచని ఫిల్ముపై అచ్చు తీసికొని పోవు పద్ధతియు కలదు. తరమణిలోని నేషనల్ టెస్ట్ హౌసునను, గిండి ప్రాంతపు ప్రైవేటు పరీక్షాశాలలయందును ఇట్టి లోహపరీక్షలు చేయించుకొనవచ్చును.

మన యువకుని విషయమున సంఘము చొరవతో అరచేయి వెడల్పు ముక్క సంపాదించి పరీక్షకు పంపితిమి. ప్లేటు నిజమైన 304ఎల్. కార్బను హద్దులోనే యున్నది. వెల్డున లోపము లేదు. పగుళ్లు జాకెట్టువైపున పుట్టి లోనికి పోయినవి. వాటిలో క్లోరైడు దొరకినది. విచారింపగా జాకెట్టులో బోరునీరు నడిపిరనియు, పెచ్చు కట్టినపుడెల్ల బజారున "యాసిడ్" అని అమ్ము హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో కడిగిరనియు తెలిసినది. ఆమ్లము పేరులోనే క్లోరు ఉన్నది! స్టెయిన్‌లెస్ జాకెట్టును దానితో కడుగుట నిప్పుపై నెయ్యి పోయుట. ఇక ఆ యువకుడు పగులుపై మరల మరల వెల్డు పెట్టినకొలది క్రొత్త బిగువు చేరి, కంటికి కనబడని కొనలు మరింత తెరచుకొని, ప్రక్కకు జరిగి పగిలినది. పట్టీ మొత్తము కోసి క్రొత్త ప్లేటు వేసి, నీరు మార్చినగాని అది ఆగునది కాదు. రెండు పుటల ఆ నివేదికను కాంట్రాక్టరు ముందుంచగా నెల జీతము రెండు వాయిదాలలో వచ్చినది. పని లేక కూర్చున్న మూడు వారములకు ఏమియు రాలేదు.

పగులునకు కారణ మెరుగక తొందరపడుట ఎంతదూరము పోవునో ఇంగ్లండువారికి 1974లో తెలిసినది. ఫ్లిక్స్‌బరో అనుచోట నైలాను ముడిసరకు తయారుచేయు కర్మాగారమున ఆరు రియాక్టర్లు వరుసగా నుండెను. మార్చి నెలాఖరున అయిదవదానిపై సుమారు ఆరడుగుల పగులు కనబడెను. ఆ పాత్రకు లోపల స్టెయిన్‌లెస్ పొర, వెలుపల మామూలు ఉక్కు. పూర్వము చిన్న కారుడును పలుచన చేయుటకై పైన నీరు పోసిరి. ఆ నీటిలోని నైట్రేటు వెలుపలి ఉక్కును పగులగొట్టెనని తరువాతి విచారణలో తేలెను. ఆనాడు వారు అయిదవ పాత్రను తీసివేసి, నాలుగు, ఆరు పాత్రలను తాత్కాలికపు గొట్టముతో కలిపి, మిగిలిన పాత్రలకు అదే రోగము కలదా యని చూడకయే పని సాగించిరి. జూను 1వ తేదీన ఆ గొట్టము తెగి, ఆవిరి అంటుకొని, ఇరువదియెనిమిది మంది మరణించిరి. 1985లో స్విట్జర్లండున ఊస్టర్ పట్టణమందు ఈత కొలను పైకప్పు కూలి పన్నెండుగురు మడిసిరి. కప్పును పట్టియుంచిన స్టెయిన్‌లెస్ కడ్డీలు కొలనుగాలిలోని క్లోరైడుచేత ఇట్లే పగిలియుండెను. అచ్చట మరుగు వేడిమియు లేదు.

పగులు చూచుటకై పాత్రలోనికి దిగు పిల్లలకు ఒక మాట. ఆర్గాను గాలికంటె బరువైనది. వాసన లేదు, రంగు లేదు. పాత్ర అడుగున నిండి ప్రాణవాయువును తరిమివేయును. దిగినవాడు కేక వేయుటకును వ్యవధి యుండదు. వానిని లాగుటకు దిగిన రెండవవాడును పోవును. ప్రాణవాయువు మీటరుపై 19.5 పాళ్లు చూడనిదే దిగరాదు. పగులులోను జాకెట్టులోను పాత ద్రావకము దాగియుండి వెల్డు నిప్పురవ్వకు అంటుకొనవచ్చును గనుక కడిగి, పరీక్షించి, పర్మిటు వ్రాయించుకొననిదే ఆర్కు వెలిగింపరాదు. మేస్త్రీ తొందరపెట్టినను సరే.

పరీక్షాశాల రుసుము వెల్డరు భరింపగలది కాదు. కావున మన సంఘ సహాయనిధినుండి సంవత్సరమునకు నాలుగు పరీక్షలకు చెల్లింపవలెనని కార్యవర్గమున తీర్మానము ప్రవేశపెట్టుచున్నాము. అభ్యంతరము గలవారు సభలోనే చెప్పవలెను. రాబోవు రెండవ ఆదివారము ఉదయము పది గంటలకు సంఘ కార్యాలయమునకు మూడు రకముల పగిలిన ముక్కలను, ఒక డి.పి. కిట్టును తెచ్చెదము, కిట్టు ఖర్చు మాది. మీలో ఎవరికడనైన పగిలిన ముక్క యున్నచో రుద్దక, కడుగక, పొడిగుడ్డలో చుట్టి, ఏ పాత్రదో, ఏ వైపుదో చీటి వ్రాసి వెంట తీసికొని రావలెను.